బానెట్ కింద దాగిన నిషాని

1988 ఎండాకాలం. మణుగూరులో గనుల వైపు వెళ్లే రోడ్డు పక్కన నాకు పెయింటింగ్ షెడ్డు ఉండేది. పైన రేకులు, మూడు వైపులా గోనెపట్టాలు. స్కూటర్లు, జీపులు, ఎప్పుడైనా ఒక అంబాసిడర్ వచ్చేవి. బొగ్గు దుమ్ము లేచే ఊళ్లో రంగుల పని పెట్టుకోవడమంటే ఎదురుగాలిలో పిండి జల్లించడమే. తడి రంగు మీద నలుసు వాలితే నాకు ఒళ్లు మండేది, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద అరిచేవాణ్ని. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిదని నాకు పేరు.

ఒకరోజు పొద్దున్నే కరుణమ్మ వచ్చింది. ఆమె భర్త దావీదు గనుల ఆఫీసులో జీపు డ్రైవరు. ఆ జీపుకు రంగు వేసింది నేనే కాబట్టి మనిషి బాగా తెలుసు. అంతకుముందు వానాకాలంలో మెదడు మలేరియా వచ్చి పోయాడు. ఆయన ఉద్యోగం కింద ఆమెను ఆఫీసులో అటెండరుగా తీసుకున్నారు. చేతిలో అట్టపెట్టె ఉంది. అందులోంచి జానెడు పొడవు ప్లాస్టిక్ కారు తీసింది. మందంగా నీలం రంగు, వెండిలా మెరిసే చక్రాలు. ముందు బంపర్ ఊడి పెట్టెలోనే పడి ఉంది.

"అన్నా, దీని బానెట్ మీద నిషాని ఉంది. తియ్యాలె."

నిషాని అంటే మా దగ్గర వేలిముద్ర. మామూలు మచ్చను, గుర్తును కూడా అంటారు. ఏదో మచ్చ పడిందేమో అనుకున్నాను.

"గంతేనా? ఎమరీ పేపర్ తోని రుద్దితే నున్నగైతది. ఇటు తే" అని చెయ్యి చాచాను.

ఆమె కారును గుండెకు అదుముకుంది. "రుద్దుడు కాదన్నా! లోపలున్నది బయటికి తియ్యాలె!"

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి సంగతేందో చెప్పమన్నాను.

బదిలీ మీద వెళ్లిపోతూ ఒక ఇంజనీరు దావీదుకు విదేశీ పెట్టె ఒకటి ఇచ్చాడట. అది మోడల్ కిట్. అంటే కారు విడిభాగాలన్నీ ప్లాస్టిక్ ఫ్రేముకు తగిలించి ఉంటాయి, మనమే కోసుకుని అతికించుకోవాలి. దాని జిగురు మన అన్నం బంకలాంటిది కాదు. ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి అతుకుతుంది. జిగురంటిన బొటనవేలితో దావీదు బానెట్ నొక్కాడు. ముద్ర దిగిపోయింది.

ఇంకొకరికైతే అది చిన్న పొరపాటే. దావీదు బడి మొహం చూడని మనిషి. జీతం తీసుకునేటప్పుడు నిషాని వేసేవాడు. పెళ్లయ్యాక, పదో తరగతి చదివిన కరుణమ్మే పలక పెట్టి సంతకం నేర్పింది. అప్పటినుంచి ఎవరైనా కాగితం చూపిస్తే చాలు, మీసం దువ్వుకుని మరీ సంతకం చేసేవాడు. అలాంటి మనిషి వేలు బానెట్ మీద దిగబడేసరికి ఆమె ఊరుకోలేదు. "ఏమయ్యా, సంతకం నేర్సినా నిషాని పోలేదా?" అని నవ్వింది. ఆయనకు రోషమొచ్చింది. క్వార్టర్ తలుపుల కోసం తెచ్చిన ఎనామిల్ పెయింటు పూత మీద పూత పూసి, ముద్రను కప్పేశాడు.

"నేను నవ్వకుంటే మంచిగుండేది. ఆయన కప్పకపోతుండె" అంది కరుణమ్మ. కళ్లు తుడుచుకోలేదు. కారునే చూస్తోంది.

నాకు ఉన్నమాట దాచడం రాదు. "అమ్మా, రంగు తియ్యొచ్చు. గానీ రంగు ఎయ్యకముందు దావీదు దాన్ని గీకి ఉంటే కింద ఏముండదు. నేనైతే గీకేటోన్ని. పనోడెవడైనా గీకుతడు."

"ఆయనకు గంత ఓపిక లేదన్నా."

"ఒకవేళ కింద ముద్ర లేకపోతే? ఆయన సంతకం ఉన్న కాగితాలుంటయి గద. అవి దాసుకో."

"సంతకం నేను నేర్పింది గదన్నా" అంది. "ఏలు ఆయనది."

మా నాయన కూడా నిషాని మనిషే. ఎర్రుపాలెం దగ్గర ఆయన దున్నిన చేను ఎప్పుడో చేతులు మారింది. ఆయన వేలు పడిన వస్తువు ఒక్కటైనా నా దగ్గర లేదు. కారు తీసుకుని లోపల పెట్టాను.

పాత రంగు తీయడాన్ని స్ట్రిప్పింగ్ అంటాం. ఇనుము మీదైతే థిన్నర్, గీకుడు బ్లేడు ఉంటే చాలు. ప్లాస్టిక్ సంగతి వేరు. పెట్టెలో మిగిలిన ఫ్రేము ముక్క మీద ముందు థిన్నర్ వేసి చూశాను. పాకం బెల్లంలా మెత్తబడిపోయింది. అదే బానెట్ మీద వేసి ఉంటేనా! పెట్రోలులో వేసిన ముక్క పెళుసెక్కి చిట్లింది. ఇక మిగిలింది బ్రేక్ ఆయిల్. రంగుల పనివాళ్లకు అది పగవాడు. ఒక్క చుక్క పడితే కొత్త రంగు కూడా పొంగి లేస్తుంది. అందులో నానేసిన ముక్క మాత్రం చెక్కుచెదరలేదు. పగవాడితోనే పని పడింది.

కారును స్టీలు గిన్నెలో పెట్టి, మునిగేదాకా బ్రేక్ ఆయిల్ పోశాను. కరుణమ్మ డ్యూటీకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు షెడ్డు ముందు నిలబడేది. గిన్నె మూత వైపే చూసేది.

"మాటిమాటికి మూత తీసి సూసెతందుకు అది అన్నం గిన్నె కాదమ్మా" అని కసిరాను. ఆమె వెళ్లాక మూత తీసి చూసింది నేనే.

ఈలోగా బంపర్ పని చేశాను. దానికీ చక్రాలకున్న వెండి మెరుపే. ఆ మెరుపును క్రోమ్ అంటారు. జిగురు ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది గానీ క్రోమ్‌ను పట్టుకోదు. దావీదు మెరుపు మీదే అతికించాడు, అందుకే ఎన్నిసార్లు పెట్టినా ఊడిపోయేది. బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో బంపర్‌ను వేశాను. చూస్తుండగానే వెండి మెరుపు కరిగిపోయింది. కింద మిగిలిన పసుపు వార్నిష్ బ్రేక్ ఆయిల్‌కు ఊడింది.

కారు మీది రంగు కూడా పొరలు పొరలుగా ముడతలు పడి లేచింది. కరుణమ్మ వచ్చాకే గిన్నెలోంచి కారు తీశాను. ఆమె లేకుండా చూడటానికి మనసొప్పలేదు. కుంకుడు రసంలో ముంచిన మెత్తటి బ్రష్‌తో పైపైన తుడిచాను. తలుపులు తేటపడ్డాయి, టాపు తేటపడింది. పాలిపోయిన తెల్ల ప్లాస్టిక్. బానెట్ ఆఖరున కడిగాను. ఏమీ కనిపించలేదు.

గీకేశాడు అనుకున్నాను. కరుణమ్మ గోనెపట్టా అంచు గట్టిగా పట్టుకుంది.

"ఎండలకు తే అన్నా" అంది.

బయటికి తెచ్చి కారును పక్కకు వంచాను. ఎండ ఏటవాలుగా పడింది. తెలుపు మీద తెలుపు కాబట్టి నీడలో కనిపించలేదంతే. సన్నటి గీతలు, చుట్లు చుట్లుగా. వాటికి అడ్డంగా ఒక గాటు. ఎప్పుడో జీపు కింద పానా జారి దావీదు బొటనవేలు తెగితే, కట్టు కట్టింది మా షెడ్డులోనే.

కరుణమ్మ ముద్రను ముట్టుకోలేదు. కారును రెండు చేతులతో ఎత్తి మొహం దగ్గర పెట్టుకుంది.

"ఏమయ్యా" అంది, "గింత రంగు పూస్తే దాగుతదనుకున్నవా?"

నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. నేను డబ్బాలు సర్దే వంకతో లోపలికి పోయాను. నాకూ ఆగలేదు.

తర్వాత బంపర్ అతికించాను. పుల్లతో థిన్నర్ చుక్క అతుకు మీద పెడితే ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ పట్టేసింది. "చక్రాల క్రోమ్ కూడా తీసి, అంతా ఒకే తీరుగ రంగేస్తా. బానెట్ వదిలేస్తా" అన్నాను. రంగు లేని బండిని షెడ్డు దాటించడమంటే నాకు సిగ్గు.

"వద్దన్నా. ఇగ దీనికి ఎవ్వరు రంగెయ్యద్దు" అని కారును పెట్టెలో పెట్టుకుని, ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.

రుద్ది నున్నగా చేయడమే మా పనిలో మొదటి మెట్టు. పాత గుర్తులన్నీ పోతేనే కొత్త రంగు నిలుస్తుంది. ఆ లెక్కన నేను ఎందరి గుర్తులు తడి ఎమరీ పేపర్‌తో రుద్ది కాలవలోకి వదిలానో. కరుణమ్మ వచ్చి పోయాక మాత్రం, ఎవరైనా బండి తెచ్చి ఒక గీతో సొట్టో చూపించి "ఇది తియ్యాలె" అంటే, ముందు అడుగుతాను.

"తీసెయ్యాల్నా? బయటికి తియ్యాల్నా?"

చాలామంది నన్ను తిక్కోడి కింద జమకడతారు. ఎప్పుడో ఒకరు మాత్రం ఆ సొట్ట మీద చెయ్యి పెట్టి, "ఉండనియ్యన్నా" అంటారు.