కెజయా మాంసపు కడ్డీ

ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డ అమెరికా సైన్యానికి ఆ చలికాలం వ్యాలీఫోర్జ్‌లో తిండే కరువైంది. శిబిరంలో బట్టలుతికే కెజయా పిండిలో నీళ్లు కలిపి రాళ్ల మీద రొట్టె కాల్చేది. ఏనాడైనా మాంసం ముక్క దొరికితే, మొగుడు ఈనస్ తుపాకీ కొసన బిగించే బాకుకు గుచ్చి కాల్చేది. శిబిరమంతా అదే పద్ధతి. జిడ్డుపట్టిన ఆ బాకులు యుద్ధానికన్న సంగతే అందరూ మరిచిపోయారు.

చలికాలం చివర్లో ఎవరో పరదేశి వచ్చి, గొంతు చించుకుని అరుస్తూ సిపాయిలకు కవాతూ, ఆ బాకులతో పోరాడటమూ నేర్పాడు. వసంతంలో బండ్ల మీద గొడ్డుమాంసం దిగింది.

"ఏమయ్యా, ఆ కడ్డీ ఇటివ్వు" అంది కెజయా.

ఈనస్ తళతళలాడే బాకును చొక్కాతో తుడుస్తూ, "ఇవ్వనే. దీనికిప్పుడు వేరే పనుంది" అన్నాడు.

"అబ్బో! మొన్నటిదాకా దాంతో ముక్కలు కాల్చుకు తిన్న మొనగాడివి నువ్వేగా!"

గొణుక్కుంటూనే వెళ్లి వాగు ఒడ్డున కొమ్మ విరుచుకొచ్చింది. కొమ్మ కాలి, మాంసం నిప్పుల్లో పడింది. ఈనస్ నవ్వాడు. ఆమె బూడిద దులిపి, పెద్ద ముక్క అతని చేతిలో పెట్టింది.

"బూడిదైనా తింటాను గానీ, ఇంక నిన్ను ఆ కడ్డీ అడగను, పో!"