కొండ కింద బావి నీళ్ళు

తొంభైల్లో నా పరిశోధనంతా ఒక నల్లటి ముద్ద చుట్టూ తిరిగేది. గ్రాఫైటులో మరో రసాయనం పొడి కలిపి, నూనెతో ముద్ద చేసి, గాజు గొట్టంలో కూరితే ఎలక్ట్రోడ్ తయారు. దాన్ని నీళ్ళలో ముంచితే ఫ్లోరైడ్ ఎంత ఉందో మీటరు చెప్పాలి. పొడి ఎంత సన్నగా ఉంటే అంత బాగా చెబుతుంది. ఇప్పుడు నానో అని గొప్పగా అంటున్నారు గానీ, మాకది చేతులు పడిపోయేదాకా నూరడమే.

ఉదయగిరి వైపు ఊళ్ళ నీళ్ళు పరీక్షిస్తానని పట్టుబట్టింది నేనే. మా నాయన తల్లి, మా అవ్వ, అక్కడే ఉండేది. మోకాళ్ళు వంకరపోయి, గోడ పట్టుకుని నడిచేది. అది బోరు నీళ్ళ పనేనని నాకు గట్టి అనుమానం. నా లెక్కలు అందితే చెడ్డ బోర్లకు ఎర్ర రంగు వేయించి, ఆ ఊళ్ళకు వేరే నీళ్ళు ఇప్పిస్తానని ఆత్మకూరు మంచినీళ్ళ ఆఫీసులో ఒక ఇంజనీరు మాట ఇచ్చారు.

ఆ దారిలో తిరిగేది ఒకటే బస్సు. పొద్దున ఊరికొక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, బోరు నీళ్ళు పట్టి ఉంచమని చెప్పి, సాయంత్రం తిరుగు బస్సులో అన్నీ తెచ్చుకున్నాను. అవ్వకూ ఒకటి ఇచ్చాను.

ల్యాబులో చూస్తే అన్ని ఊళ్ళ నీళ్ళలోనూ ఫ్లోరైడ్ ఎక్కువే, అవ్వ ఊళ్ళో తప్ప. ఆ కాళ్ళు చూసినదాన్ని, ఎలా నమ్ముతాను? ఎలక్ట్రోడ్‌ను నోటికొచ్చినట్టు తిట్టి, పారేసి, మళ్ళీ వారం రోజులు నూరి ఇంకొకటి చేశాను. అదీ అదే చెప్పింది. ఆ లెక్కే ఇస్తే ఆ బోరు మంచిదైపోతుంది, ఊరి పిల్లలు ఆ నీళ్ళే తాగుతూ ఉంటారు. మళ్ళీ బస్సెక్కాను.

"అవ్వా, ఆ రోజు డబ్బాలో పోసింది బోరు నీళ్ళేనా?"

"ఆ సప్పనీళ్ళా? పెద్ద చదువులోళ్ళ కాడికి పొయ్యే నీళ్ళు పాపా. కొండ కింద బాయికి పొయ్యి తెచ్చినాను."

అది మా ఊరి మర్యాద. ప్రార్థనకు పాస్టరుగారు వచ్చినా, పెళ్ళిచూపులకు ఎవరొచ్చినా ఆ బావి నీళ్ళే ఇస్తారు. తాము మాత్రం బోరు నీళ్ళు తాగుతారు. నాకు తెలియంది కాదు, తట్టలేదు.

"మైలు దూరం ఉండాది గదా, ఈ కాళ్ళతోనా?"

"మెల్లంగా పోయినాలే. నీ పేరు పోగూడదు గదా."

కోపంతో వెళ్ళినదాన్ని, అరుగు మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత నేనే బోరు కొట్టి డబ్బా నింపుకున్నాను. ఈసారి మీటరు ఫ్లోరైడ్ ఎక్కువేనని చెప్పింది. నెల తిరక్కుండా ఆ బోరుకు ఎర్ర రంగు పడింది.

ల్యాబు డబ్బాల్లో నీళ్ళు తాగకూడదని జూనియర్లను తిట్టేది నేనే. అవ్వ నింపిన ఆ మొదటి డబ్బాలో సగం నీళ్ళు మిగిలి ఉన్నాయి. తలుపు వేసుకుని, ఒక్క చుక్క వదలకుండా తాగేశాను.