ఇంజిన్ రూమ్ తలుపు

నాలుగేండ్ల కిందట, ఎండలు ముదిరిన ఏప్రిల్ నెల. కడపలో మాజీ సైనికుల సంక్షేమం చూసే ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. పింఛన్ కాగితాలు, గుర్తింపు కార్డులు, పోయిన జవాన్ల ఇంటివాళ్ల అర్జీలు, ఇవే మా పని. ఆ ఇంటివాళ్లను ఫైల్లో 'నెక్స్ట్ ఆఫ్ కిన్' అని రాస్తాం. మనిషి పోతే కబురు మొదట అందాల్సిన దగ్గరి బంధువు అన్నమాట. మా జిల్లాకు సముద్రం లేదు. నేవీ ఫైళ్లు బీరువాలో ఒక అరకు మించవు.

ఆ నెలలో ఒక నేవీ కవరు వచ్చింది. దాదాపు నలభై ఏండ్ల కిందట తుఫానులో తీరానికి దగ్గర్లోనే మునిగిన ఒక పాత నౌక సర్వేలో బయటపడిందట. తుప్పుకు చిల్లిపడిన చోట డైవర్లు కెమెరా దూర్చి చూస్తే ఇంజిన్ రూమ్‌లో ఒక మనిషి ఎముకలు కనబడ్డాయి. చేతికందిన గుర్తింపు బిళ్ల మీద నంబరు చౌడప్పది. జమ్మలమడుగు పక్కన చేనేత ఊరివాడు, ఇంజిన్ మెకానిక్కు. ఎముకలను ఓడలోనే సమాధిగా వదిలేయాలా, పైకి తేవాలా అనేది భార్య ఓబుళమ్మ చెప్పాలి. దానికొక కన్సెంట్ ఫారం, అంటే ఒప్పుదల కాగితం, జతచేసి పంపారు.

ఫోను చేస్తే మూడోనాడు వచ్చింది. అరవై అయిదు దాటిన మనిషి. ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటుంది. వెంట వేంపల్లె రామసుబ్బయ్య వచ్చాడు. అదే ఓడలో పనిచేసి ప్రాణాలతో బయటపడినవాడు. ఏటా ఒకసారి వాళ్లింటికి పోయి మంచిచెడ్డా కనుక్కునే మనిషి. ఆమెను 'వదినా' అంటాడు.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. నేను తెలుగు చేసి చదివాను. ఒక్క వాక్యం మాత్రం వదిలేశాను. ఇంజిన్ రూమ్ వాటర్‌టైట్ డోర్, అంటే నీళ్లు ఒక గదినుంచి ఇంకో గదికి పోకుండా ఆపే ఇనుప తలుపు, బయటివైపు నుంచి బిగించి ఉందని అందులో రాశారు. ఆ ముసలామె ముందు ఆ మాట నా నోట రాలేదు. ఎందుకులే అనుకున్నా.

ఆమె చివరిదాకా వినింది. తర్వాత రామసుబ్బయ్య వైపు తిరిగింది.

"అల కొట్టుకపోయినాది అంటివి గదా. పైన నిలబడినోన్ని అల ఎత్తుకపోయినాది, కన్ను మూసి తెరిచేలోపల అయిపోయినాది అంటివి. లోపల ఎట్ల దొరికినాడు?"

అతను నేలకేసి చూస్తున్నాడు. నేనే కల్పించుకుని, "తుఫాను గదమ్మా, లోపలికి పరిగెత్తింటాడు" అన్నాను.

"నిన్ను అడగల్యా నాయనా."

రామసుబ్బయ్య తలెత్తాడు. "నేనే మూసినా వదినా" అన్నాడు. "కింద చిల్లిపడి నీళ్లు వస్తాండాయి. తలుపు మూయమని ఆర్డరు. మూయకపోతే ఓడ అప్పుడే పోతాది, పైన అంతమంది ఉండారు. చౌడప్ప లోపల ఉండాడని నాకు తెలుసు. పిలిచినా. రాల్యా. మూసి బిగించినా."

"తర్వాత?"

"తట్టినాడు."

పక్క టేబుల్ ఆమె టైపు చేయడం ఆపేసింది.

"ఎంతసేపు తట్టినాడు?"

"నేను పైకి పోయేంతవరకు వినపడతానే ఉండె. ఆ తర్వాత నాకు తెలీదు."

ఓబుళమ్మ ఏడవలేదు. తిట్టలేదు. నా చేతిలోని కాగితం చూపించి, "తలుపు సంగతి ఇందులో ఉండాదా?" అంది. ఉందన్నాను. "మరి నువ్వు చదవల్యా."

"ఆయప్ప నలభై ఏండ్లు చెప్పల్యా. నువ్వు అర్ధగంట చెప్పల్యా" అంది. "ఇప్పుడు చదువు."

చదివాను. ఫారంలో ఏం రాయమంటావమ్మా అని అడిగాను.

"ఆ తలుపు తీయమని రాయప్పా."

వేలిముద్ర కాదు, వంకర అక్షరాలతో సంతకం చేసింది. చౌడప్ప సెలవుల్లో వచ్చినప్పుడు నేర్పించినాడట. రామసుబ్బయ్య బస్సు ఎక్కిస్తానని లేచాడు. "నేను పోతాలే" అని ఒక్కతే బయటికి నడిచింది. అతను మా వరండాలో సాయంత్రం దాకా కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగలేదు.

పని పూర్తయ్యేసరికి ఏడాది పట్టింది. సముద్రం నెమ్మదించిన నెలల్లోనే డైవర్లు దిగగలరు. తలుపు తీయడానికి బిగింపులు కోయాల్సి వచ్చిందని రిపోర్టులో రాశారు. జండా కప్పిన చిన్న చెక్కపెట్టెతో ఇద్దరు నావికులు ఎర్రగుంట్లలో రైలు దిగారు. ఆఫీసు తరఫున నేను వాళ్లతో ఊరికి పోయాను.

మళ్లీ ఎండాకాలమే. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఎముకలు నీళ్లలో కలపడానికి ఏట్లో చెలమ తవ్వారు. నడుములోతు తవ్వితే అడుగున బురదనీళ్లు ఊరాయి. అన్నేండ్లు సముద్రంలో ఉన్న మనిషి కోసం కూతురు, అల్లుడు ఆ నీళ్లను దోసిళ్లతో పోగుచేశారు. రామసుబ్బయ్య వచ్చాడు గానీ ఏట్లోకి దిగలేదు, గట్టుమీదే నిలబడ్డాడు. ఓబుళమ్మ అతన్ని చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

నేను బయలుదేరుతుంటే దగ్గరికొచ్చి, "ఇన్నేండ్లూ ఆ అలను తిట్టుకుంటా బతికినా నాయనా" అంది. "తిట్టుకునేకి అదన్నా ఉండె. ఇప్పుడు ఈయప్పను తిట్టాలంటే నోరు రావడంల్యా. ఆర్డరు అంటాండాడు. వాడు మూయకపోతే ఇంకెంతమంది పెండ్లాలు నా మాదిరి అయ్యేవాళ్లో. అట్లని వాని మొగం చూడలేను."

ఆ తర్వాత రామసుబ్బయ్య ఆ ఊరికి పోలేదని తెలిసింది. మా ఆఫీసుకు కూడా రావడం మానేశాడు.

ఆరోజు ఆ వాక్యాన్ని ఆమె మీద జాలితోనే వదిలేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె ఏడుపు చూడలేకపోతానేమోనన్న నా భయంతో వదిలేశాను. ఆమె బాధ నా కళ్లముందుకు రాకూడదనుకున్నాను, అంతే. ఇప్పుడు ఎవరి కాగితం వచ్చినా, ఎంత చేదైనా, మొదటి మాటనుంచి చివరి సంతకం దాకా చదువుతాను. చదివాక వెంటనే ఇంకో ఫైలు తీయను. అవతలి మనిషి లేచేదాకా కూర్చుంటాను.