చప్పుడు చేయని డబ్బా

శంషాబాద్‌లో కూర్చుని గొంతు రికార్డు చేస్తానంటే నవ్వనివాళ్లు లేరు. నవ్వితే నవ్వనీ. పిల్లల పాఠాలు చదివి పంపడం నా పని. నెత్తిమీదికి విమానం వస్తే ఆగుతాను, పోయాక చదువుతాను. దానితో నాకు ఏనాడూ పేచీ లేదు. నా పేచీ అంతా బల్ల కింది పాత కంప్యూటర్‌తో. నాలుగు వాక్యాలు చదివేసరికి వేడెక్కి, దాని ఫ్యాన్ రొద మొదలుపెట్టేది. ఆ రొద పడిందని పాఠాలు రెండుసార్లు వెనక్కొచ్చాయి. మళ్లీ అట్లాగే వస్తే ఇక పని ఇవ్వలేనని, పాఠాలు తీసుకునే ఆవిడ మర్యాదగానే చెప్పింది.

అత్తాపూర్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసిచ్చే దుకాణానికి పోయాను. తక్కువ కరెంటు తాగే ప్రాసెసర్ కావాలి, ఫ్యాన్ అసలే ఉండొద్దు అన్నాను. దుకాణమాయన నా మాట పూర్తిగా వినకుండానే అరవై అయిదు వాట్లది తెచ్చి ముందు పెట్టాడు. ఎంత బరువు పనైనా చేస్తుందట. నాకు బరువు పనెక్కడిది? చదవడం, తప్పులు కోసి అతకడం. ఆరు వాట్లది చాలు, కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుందని పట్టుబట్టాను.

"విమానాల కింద ఉంటరు, గీ ఫ్యాన్ సప్పుడు మీకో లెక్కనా అక్కా?"

"విమానం వస్తది, పోతది అన్నా. ఫ్యాన్ పోదు. నాకు ఫ్యాన్ లేందే కావాలె."

మొహం మాడ్చుకుని బిగించి ఇచ్చాడు.

ఇంట్లో మా బాపు ఇంకో మొండిఘటం. బతుకంతా బోరు మోటరుతో వేగిన మనిషి. మంచంలో పడుకునే, మోటరు నీళ్లు పోస్తోందో ఉత్తగా తిరుగుతోందో చప్పుడును బట్టి చెప్పేవాడు. అరచేతి వెడల్పున్న నా డబ్బాకు చెవి ఆనించి, పెదవి విరిచి పోయాడు.

పాఠం పంపాల్సిన రోజు వచ్చింది. చివరిదాకా చదివి, గొంతు ఎండిపోయి వంటింట్లోకి పోయాను. వచ్చేసరికి తెర నల్లగా ఉంది, బాపు స్విచ్ బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. డబ్బా మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందట. చప్పుడేమో లేదు. మోటరు పట్టేసినట్టుంది, కాలిపోతుందని కరెంటు తీసేశాడు. సేవ్ చేయని పాఠమంతా పోయింది.

నాకు ఒళ్లు మండింది. "నన్నొక్క మాట అడగవా బాపు? ఇయ్యాల ఇది పోకపోతే నా పనే పోతది," అని అరిచాను.

ఆయన స్విచ్ మళ్లీ వేశాడు. తన గదిలో కూలర్ ఆపాడు, కిటికీలు మూశాడు, ఆ ఉక్కలోనే గడపలో కూర్చున్నాడు. మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. విమానం నాకు వినపడకముందే చెయ్యెత్తేవాడు, అది దాటాక దించేవాడు. చెమటలు కక్కుతూ ఇద్దరం పాఠం పూర్తిచేసి సాయంత్రానికి పంపాం. ఈసారి వెనక్కి రాలేదు. కొత్త పాఠాలు వచ్చాయి.

మొన్న కొత్తూరు నుంచి మేనత్త వచ్చింది. నా డబ్బాను అటూ ఇటూ చూసి, ఇది నిజంగా నడుస్తదా అని అనుమానపడింది. నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

"సప్పుడు చేస్తెనే పని చేసినట్టా? చెయ్యి పెట్టి సూడు, ఎచ్చగున్నది."