ఒక్క పాఠం ముందు

పాత ఫర్నిచర్ అమ్మే షాపులో ఆమె పని బల్లలూ బీరువాలూ తుడవడం, వచ్చినవాళ్ళకు సొరుగులు లాగి చూపించడం. వెనక షెడ్డులో వాళ్ళ నాన్న పాలిష్ పని చేసేవాడు. ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ చెక్క రంగు పోని మనిషి. తల్లి లేదు. తండ్రీ కూతురూ పొద్దున్నే కలిసి షాపుకు వచ్చి, సాయంత్రం కలిసే ఇంటికి పోయేవారు.

ఒకసారి ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సామానుతో పాటు ఒక పియానో కూడా వచ్చిపడింది. కొనే నాథుడు లేడు. అద్దాల బీరువాకూ మడత మంచాలకూ మధ్య అది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. దుమ్ము తుడిచే వంకతో ఆమె మూత తీసేది. ముందు ఒక మెట్టు నొక్కింది, తర్వాత దాని పక్క మెట్టు. రేడియోలో విన్న పాట ఒకదాన్ని వెతుక్కుంటూ పోతే ఒకరోజు అది మొదటి నుంచి చివరిదాకా దొరికింది. ఓనరు వద్దనలేదు. లోపల పాట వినిపిస్తే దారిన పోయేవాళ్ళు ఆగి తొంగి చూస్తున్నారు మరి.

పియానోలు శృతి చేసే పెద్దాయన ఒకడు అప్పుడప్పుడూ వచ్చి తీగలు బిగించి పోయేవాడు. పోతూ పోతూ ఆమెకు కాస్త నేర్పేవాడు. వేళ్ళు గుండ్రంగా ఎలా పెట్టాలి, బొటనవేలిని మిగతా వేళ్ళ కింద నుంచి ఎలా జారవిడవాలి, అయిదు గీతల మీద చుక్కలు ఎలా చదవాలి.

"చెవి ఉందే పిల్లా నీకు. చెయ్యే, ఇంకా చీపురు పట్టుకున్నట్టుంది" అనేవాడు.

ఆమెకు ఇరవై నిండకముందు ఒక డాక్టరమ్మ షాపుకు వచ్చింది. భోజనాల బల్ల కోసం వచ్చి పియానో దగ్గర ఆగిపోయింది. కూతురికి కొనాలని ఉంది, కానీ నేర్పేవాళ్ళు ఎక్కడ దొరుకుతారని వెనకాడుతోంది. బేరం ఎక్కడ చెయ్యి జారుతుందోనని ఓనరు వెంటనే అందుకున్నాడు.

"భలేవారే! ఇదిగో, మా అమ్మాయే ఉందిగా. బ్రహ్మాండంగా వాయిస్తుంది. ఇక నేర్పడమంటారా, ఆ ఓపిక చూసి తీరాలి."

దుమ్ము గుడ్డ చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. డాక్టరమ్మ ఏదైనా వాయించమంది. ఆమెకు తడబడకుండా వచ్చిన పాట ఒక్కటే. అది వాయించింది. డాక్టరమ్మ మొహం విచ్చుకుంది. ఆవిడ వెనక నుంచి ఓనరు కళ్ళతోనే బతిమాలుతున్నాడు. షెడ్డులో నాన్న బల్ల రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. "వస్తానండీ" అనేసింది.

ఆ సాయంత్రమే పెద్దాయన ఇంటికి పరుగెత్తింది. బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం పైన రెండు గదుల్లో ఆయన, ఆయన కోడలు ఉండేవారు. ఆయనకూ ఒక పాత పియానో ఉంది. పై మెట్లు కొన్ని పలకవు.

"తాతగారూ, నాకు ఒక్కటే పాట వచ్చు. ఆ పిల్లకి ఏం నేర్పను?"

ఆయన పకపకా నవ్వాడు. "టీచరంటే అన్నీ వచ్చినవాళ్ళనుకున్నావా? పిల్ల కన్నా ఒక్క పాఠం ముందుంటే చాలు. వారం వారం రా."

అలా ఆమె ఆదివారం నేర్చుకున్నది బుధవారం నేర్పడం మొదలుపెట్టింది. ఈ రెంటికీ మధ్య సాధన చేసుకుందామంటే షాపులో ఉన్న ఒక్క పియానో కాస్తా డాక్టరమ్మ ఇంటికే పోయింది. అందుకని భోజనాల బల్లల అంచుల మీద వేళ్ళు ఆడించుకునేది. "అమ్మలూ, బల్లలన్నీ వాయించేస్తున్నావు, నా పాలిష్ కాస్త మిగల్చవే" అని నాన్న హాస్యమాడేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. బుధవారం కాస్త ముందే డాక్టరమ్మ ఇల్లు చేరి, "శృతి ఎలా ఉందో చూస్తానండీ" అని చెప్పి, పిల్ల స్కూలు నుంచి వచ్చేలోగా ఆ రోజు పాఠం గబగబా ఒకసారి వాయించి చూసుకునేది. గేటు చప్పుడైతే చటుక్కున లేచి నిలబడేది.

మొదట్లో బాగానే గడిచింది. పిల్లకు పదేళ్ళు ఉంటాయేమో. సన్నగా, చురుగ్గా ఉండేది. చెప్పింది చెప్పినట్టు పట్టేసేది. అక్కడే వచ్చిపడింది చిక్కంతా. తను వారమంతా బల్లల మీద కుస్తీ పట్టి నేర్చుకున్నది ఆ పిల్ల కూర్చున్న చోటే వాయించేసి, "ఆ తర్వాత ఏంటి టీచర్?" అని మొహంలోకి చూసేది. ఆ తర్వాత ఏంటో ఆమెకు తెలిస్తే కదా!

ఒక బుధవారం ఆమె వెళ్ళేసరికే పిల్ల పియానో ముందు ఉంది. "టీచర్, పుస్తకంలో తర్వాతి పేజీ నేనే చదువుకుని వాయించాను. వినండి!"

ఆ పేజీ ఆమె ఇంకా నేర్చుకోలేదు. పిల్ల వాయిస్తోంది. ఎడమ చెయ్యి ఎక్కడో కిందికి పోతోంది, కుడి చెయ్యి దాన్ని దాటుకుంటూ వస్తోంది. అది ఒప్పో తప్పో ఆమెకు బోధపడలేదు. పాట అయిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తోంది.

"బాగా లేదు. పాత పేజీ తియ్యి" అంది ఆమె.

పిల్ల మొహం చిన్నబోయింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఒక వారం గండం గడిచింది మరి. ఆ తర్వాత అది అలవాటైపోయింది. ఏది వాయించినా "ఇంకా కుదరలేదు, మళ్ళీ" అనేది. స్కేళ్ళంటూ స్వరాల వరసలే ఎక్కించి దింపించేది, వేళ్ళు సరిచేసి సరిచేసి విసిగించేది. పిల్ల గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది. చక్కగా వాయిస్తూ వాయిస్తూ మధ్యలో ఆగి, తప్పు ఎక్కడో చెబుతారేమోనని భుజం మీదుగా వెనక్కి చూసేది. ఆ చూపు ఇంటిదాకా ఆమె వెంట వచ్చేది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. నాన్న అడిగితే "ఏం లేదు నాన్నా, తలనొప్పి" అని తప్పించుకునేది. పెద్దాయనకూ చెప్పలేదు.

చివరికి ఒకరోజు పాఠం అయ్యాక డాక్టరమ్మ ఆమెను నడవలో ఆపింది. అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చినట్టుంది, బ్యాగు ఇంకా భుజానే ఉంది.

"మా అమ్మాయి నిన్న ఏడ్చింది. తనకు ఎంత చేసినా రావట్లేదట, మానేస్తానంటోంది. నువ్వు మొహమాటపడకుండా చెప్పు. నిజంగానే దానికి రాదా? మాన్పించెయ్యమంటావా?"

అవునండీ అంటే చాలు, అంతటితో పీడ విరగడైపోతుంది. బుధవారాలు ఉండవు, గేటు చప్పుడు ఉండదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గది గుమ్మానికి వేలాడుతున్న కర్టెన్ కింద పిల్ల పాదాలు కనిపించాయి. కదలకుండా నిలబడి వింటోంది.

"దానికి రాకపోవడం కాదండీ" అంది ఆమె. "నాకే రాదు."

"అంటే?"

అంతా చెప్పేసింది. ఓనరు మాట, తన ఒక్క పాట, ఆదివారం పాఠాలు. పిల్ల సరిగ్గా వాయించినప్పుడల్లా బాగా లేదని తను చెప్పిన సంగతి కూడా. అది చెప్పేటప్పుడు నేల వైపే చూస్తూ ఉండిపోయింది.

డాక్టరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

"నాకు అంతుపట్టని జబ్బుతో ఎవరైనా వస్తే, నీకు జబ్బే లేదు పొమ్మంటానా? తెలిసినవాళ్ళ దగ్గరికి పంపిస్తాను. ఆ పాటి తోచలేదా అమ్మాయ్ నీకు?"

"తోచిందండీ. భయమేసింది."

ఆవిడ బ్యాగు భుజాన సర్దుకుంది. తర్వాత, "ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడో చూపించు" అంది.

పెద్దాయన జరిగిందంతా తెలుసుకుని, పిల్ల వాయించింది విని, ఆమె వైపు తిరిగి అందరి ముందే కడిగి పారేశాడు. "ఒక్క పాఠం ముందుండమన్నానే గానీ, దాన్ని ఒక్క పాఠం వెనక్కి లాగమన్నానా?" కోడలు మంచినీళ్ళు తెచ్చి మధ్యలో నిలబడితే గానీ ఆయన చల్లబడలేదు. ఆ తర్వాత పిల్ల చేతులు పట్టుకుని చూసి, "వేళ్ళు మాత్రం బాగా కుదిర్చావు" అన్నాడు కాస్త గొంతు తగ్గించి.

అప్పటి నుంచి ఇద్దరూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరు. పిల్ల ఆమెను దాటి పోవడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆమె బెంచీ మీద కూర్చుని వినేది. పిల్ల ఆమెతో మాట్లాడేది కాదు. అదీ బాధే, కానీ అంతకన్నా ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. పెద్దాయన ఎంత మెచ్చుకున్నా పిల్ల ఇప్పటికీ పాట మధ్యలో ఆగి వెనక్కి చూస్తోంది.

ఒక ఆదివారం మెట్లు దిగుతూ పిల్ల ఉన్నట్టుండి అడిగింది.

"టీచర్, ఆ రోజు ఆ కొత్త పేజీ... నేను సరిగ్గానే వాయించానా?"

"వాయించావమ్మా. తర్వాత తాతగారి దగ్గర నేర్చుకున్నప్పుడు తెలిసింది. ఒక్క తప్పు కూడా లేదు."

"మరి బాగా లేదని ఎందుకన్నారు?"

"భయమేసి."

"నేనంటేనా?" పిల్లకు నమ్మకం కుదరలేదు. "నేను చిన్నదాన్ని కదా?"

"నువ్వంటేనే."

పిల్ల సరేనని గానీ, పరవాలేదని గానీ అనలేదు. వీధి చివర కారు దగ్గర వాళ్ళమ్మ పిలుస్తుంటే వెళ్ళిపోయింది. ఆ మరుసటి వారం మాత్రం వస్తూనే "నమస్తే టీచర్" అంది. వెనక్కి తిరిగి చూసే అలవాటు ఇంకా చాలా కాలం ఉంది. తర్వాత ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. పెద్దయ్యాక ఆ పిల్ల సంగీత పాఠశాలలో చేరింది.

పెద్దాయన పోయాక కోడలు ఆ ముందు గది ఆమెకు వదిలేసింది. "పియానో మూత మూసి ఉంటే ఇల్లు ఇల్లులా లేదే అమ్మాయ్, పిల్లల్ని పిలువు" అంది. ఆమె కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు, మొదటి ఏడాది పాఠాలు మాత్రమే నేర్పింది. పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లయి, జుట్టు నెరిసినా నేర్పుతూనే ఉంది. ఏ పిల్లయినా తనకు పట్టు లేని పేజీకి వచ్చిందంటే, చెయ్యి పట్టుకుని తానే సంగీత పాఠశాలకు తీసుకెళ్ళి అప్పజెప్పి వచ్చేది. వెళ్ళే దారంతా అదే భయం. ఈ పిల్లకి తప్పేమైనా నేర్పి ఉంటానా, వాళ్ళు ఏమంటారో అని.

మొన్న ఒక పిల్ల తండ్రి పట్టుబట్టాడు. "మీరంటే పాపకి ప్రాణమండీ. ఇంకో ఏడాది మీ దగ్గరే ఉంచుకోకూడదూ?"

"వద్దండీ, నాకు భయం" అంది ఆమె.

హాస్యమాడుతోందనుకుని ఆయన గట్టిగా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుని, పాప చెయ్యి పట్టుకుని, చెప్పులు వేసుకుంది.