ఐదో సీజన్, ఉన్నదున్నట్టు

ఆసుపత్రిలో బట్టలుతికే విభాగం వాళ్ళు ఆమెను దుప్పట్లమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్ళుగా ఇస్త్రీ చేసే వేడి రోలర్ల ముందు నిలబడి, తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని లోపలికి అందించడమే ఆమె పని. అవతలి పక్క ఇంకొకామె అందుకుని మడత పెడుతుంది. చిరిగినవి ఒక బుట్టలోకి, మరక వదలనివి ఇంకో బుట్టలోకి. సాయంత్రం ఐదింటికి పని దిగేసరికి మోకాళ్ళు తనవి కానట్టుండేవి. బస్సులో సీటు దొరికిన రోజు నిద్రపట్టి దిగాల్సిన స్టాపు దాటిపోయేది. దొరకని రోజు నిలబడే కునికేది.

అయినా బుధవారం మాత్రం ఎలాగోలా ఏడు కొట్టేలోపు ఇల్లు చేరేది. ఆ రోజు ఏడింటికి టీవీలో ‘పై వాటా’ వచ్చేది.

ఒకే ఇంట్లో కింది వాటాలో రిటైరైన లెక్కల మాస్టారు, పై వాటాలో ఒక దర్జీ. ఇద్దరికీ కలిపి ఒకటే కుళాయి, ఒకటే మెట్లదారి. దర్జీ కుట్టుమిషను చప్పుడుకి మాస్టారికి నిద్ర లేదు, మాస్టారి నోటికి దర్జీకి మనశ్శాంతి లేదు. మాస్టారు ఊపిరి తిప్పుకోకుండా ఒకే వాక్యంలో రెండు నిమిషాలు తిట్టేవాడు. ఆ తిట్టుకోసమే జనం కాచుక్కూర్చునేవారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునే లోపు ఇద్దరిలో ఒకరు ఒక చిన్న మాటతో గుండె పట్టేసేవారు.

ఇంట్లో ఆమెతోపాటు ఉండేది వదిన. భర్తకి అక్క. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి, పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఆరేళ్ళ కిందట దుప్పట్లమ్మ భర్త పోయాడు. ఇద్దరినీ కలిపిన మనిషే మధ్యలోంచి వెళ్ళిపోయాక, మిగిలినవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో ఇద్దరికీ అంతుపట్టలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. “భోంచేశారా వదినా”, “తలుపు గడియ పెట్టావా” అన్న రెండు మాటల మీదే ఏడాది గడిచిపోయింది. అప్పుడు మొదలైంది ‘పై వాటా’. మొదటి బుధవారం మాస్టారు తిట్లు లంకించుకోగానే ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత వాళ్ళకి మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఎప్పుడూ ఉండేది.

అలా నాలుగు సీజన్లు. ఐదోది మొదలయ్యేనాటికి వదిన చూపు చెడింది. చూపుకి సరిగ్గా నడిమధ్య మచ్చ పడింది. గది అంచులు కనిపిస్తాయి, ఎదుట ఉన్న మొహం కనిపించదు. “మనుషులందరూ భుజాల దాకే ఉన్నారు” అనేది వదిన, అదేదో పక్కింటి సంగతైనట్టు.

మొదట్లో ఇబ్బంది లేదనుకున్నారు. ‘పై వాటా’ అంటేనే మాటలు కదా, వింటే చాలు. తీరా చూస్తే ఐదో సీజన్‌లో మాటలే లేవు. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తాడు. దర్జీ మెట్ల మీద కూర్చుని మాస్టారి తలుపు చూస్తాడు. వెనకాల వయొలిన్. ఇద్దరికీ రాజీ కుదిరిపోయింది, గొడవ ఊసే లేదు. కొట్టుకునేవాళ్ళు కొట్టుకోవడం మానేస్తే కథ ఉప్పులేని పప్పే.

“ఇప్పుడేం జరుగుతోంది?” అని వదిన అడుగుతుంది.

“కిటికీలోంచి చూస్తున్నాడు.”

“ఇంకా?”

“ఇంకా చూస్తున్నాడు.”

రోజంతా నిలబడి వచ్చిన మనిషి. గోరువెచ్చటి నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని, జరగని కథని నోరు నొప్పెట్టేలా చెప్పాల్సి రావడం ఆమెకి రెండో షిఫ్టులా ఉండేది. ఆ సీజన్ రాసినవాళ్ళ మీద ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. నాలుగేళ్ళు నవ్వించి, అలవాటు చేసి, తీరా మనిషి అలిసిపోయి వచ్చి కూర్చునే వేళకి చేతులెత్తేశారు.

మూడో బుధవారం దర్జీ మెట్ల మీద ఊరికే కూర్చున్నాడు. “ఏం జరుగుతోంది?” అంది వదిన. దుప్పట్లమ్మ నోటికి ఏదొస్తే అది అనేసింది. “దర్జీ మెట్ల మీద జారాడు. టేపు మెడకి చుట్టుకుంది. మాస్టారు చూసి కూడా చూడనట్టు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.”

వదిన పకపకా నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది. మరుసటి వారం ఇంకొకటి కల్పించింది. తర్వాత వారం ఇంకో రెండు. అబద్ధం చెబుతున్నానని ఆమెకి అనిపించలేదు. చిరిగిన దుప్పటిని పక్కకి తీసి బాగున్నది పరిచినట్టే అనుకుంది.

ఆరో వారం, గురువారం పొద్దున్న ఆమె పాలకి వెళ్ళినప్పుడు ఇంటికి ఫోనొచ్చింది. చేసింది ఆసుపత్రి బాయిలరు మేస్త్రీ. ఆవిరి గొట్టం పగిలింది, గంట ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదని చెప్పడానికి. అతనూ ‘పై వాటా’ అభిమానే అని వదినకి తెలుసు.

“ఏమయ్యా, నిన్న దర్జీ ఇస్త్రీపెట్టె మాస్టారి కాలి మీద పడెయ్యడం భలే ఉంది కదూ” అంది వదిన.

“ఎప్పుడండీ?”

“నిన్ననేనయ్యా. అంతకుముందు మెట్ల మీద జారడం ఒకటి.”

“లేదండీ. నిన్నంతా వానే కదండీ. పోయిన వారమైతే నేను మధ్యలోనే లేచి వెళ్ళిపోయాను.”

దుప్పట్లమ్మ పాలగిన్నె పట్టుకుని వచ్చేసరికి వదిన ఫోను పక్కనే కూర్చుని ఉంది.

“గంట ఆలస్యంగా రమ్మన్నారు,” అంది. ఆ వెంటనే, “ఇస్త్రీపెట్టె పడలేదటగా” అంది.

దుప్పట్లమ్మ గిన్నె కింద పెట్టింది. “మీరు నవ్వుతారని చెప్పాను వదినా. అందులో ఏమీ లేదు. చెప్పడానికి ఏమీ లేకపోతే నేనేం చెయ్యను?”

“లేదని చెప్పు.”

“వారం వారం లేదు లేదని చెబితే ఏం బావుంటుంది?”

“నాలుగు సీజన్లు చూసినదాన్ని. ఐదోది బాగాలేకపోతే బాగాలేదని నేను అనుకోవాలి. నా బదులు నువ్వు అనేసుకుని, నాకు వేరేది వడ్డిస్తే ఎలా?” వదిన గొంతు పెంచలేదు. “కళ్ళు పోతున్నది నాకే. నా చుట్టూ ఏముందో ఇకమీదట ఎవరో ఒకరు చెబితేనే తెలియాలి. నీ మాట కూడా నమ్మకూడదంటే ఇంకెవరిని అడగను?”

దుప్పట్లమ్మకి సిగ్గేసింది. సిగ్గుతోపాటు ఒళ్ళు మండింది కూడా. “నేను అలిసిపోతున్నాను వదినా,” అంది చివరికి. ఆరేళ్ళలో ఆ మాట ఆ ఇంట్లో అనడం అదే మొదటిసారి.

“తెలుసు. అలిసిపోయిన రోజు చెప్పకు. నేను వింటాను, నువ్వు పడుకో. కల్పించి మాత్రం చెప్పకు.”

మిగిలిన వారాలు అలాగే నడిచాయి. వాన అంటే వాన, కిటికీ అంటే కిటికీ. ఎనిమిదో భాగంలో మాస్టారు దర్జీతో “రేపు నీళ్ళు ముందు నువ్వు పట్టుకో” అన్నాడు. అంతే, మళ్ళీ కిటికీ. దుప్పట్లమ్మ ఉస్సూరంది. వదిన చెయ్యెత్తి ఆగమంది.

“ఆయనకి ఒంట్లో బాగాలేదు.”

“కథలోనా?”

“కాదు, ఆ మాస్టారి వేషం వేసే ఆయనకి. ఐదు మాటల వాక్యంలో మూడుసార్లు ఊపిరి తీశాడు. ముప్పై ఏళ్ళు చెవికి గొంతులు తగిలించుకుని బతికినదాన్ని, ఆ మాత్రం తెలీదా? మాటలు రాయలేక కాదే, ఆయన పలకలేక తీసేసుంటారు. పాపం ఆయన్ని మార్చలేదు చూడు. కూర్చోబెట్టి నడిపించుకుంటున్నారు.”

దుప్పట్లమ్మ తెరవంక చూసింది. మాస్టారు కుర్చీలోంచి లేవడం ఈ సీజన్‌లో తానెక్కడా చూడలేదని అప్పుడు తట్టింది. దర్జీ మాట్లాడాల్సిన చోట ఆయన మొహంకేసి చూస్తూ ఆగుతున్నాడు. తొందరపెట్టకుండా ఆగుతున్నాడు. అన్ని వారాలూ తాను కళ్ళతో చూస్తూ కూడా దాన్ని చూడలేదు.

ఆ ఊహ నిజమో కాదో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పదో భాగంతో సీజన్ అయిపోయింది, ఇంకో సీజన్ ఉండదని చివర్లో అక్షరాలు పడ్డాయి. వదిన నిట్టూర్చి, “మొత్తమ్మీద బాగాలేదు” అని తేల్చేసింది. “మొదటి సీజన్ కాలిగోటికి చాలదు. అయినా చూడకుండా ఉండలేం” అంది.

మర్నాడు బాయిలరు మేస్త్రీకి దుప్పట్లమ్మ ఆ మాటే చెప్పింది. “మధ్యలో లేచి వెళ్ళిపోయావుగా, మళ్ళీ వేస్తారు, కూర్చుని చూడు” అని కూడా చెప్పింది. అతను ఏమీ లేని దాన్లో చూడ్డానికేముందన్నాడు. వివరించే ఓపిక లేక ఆమె దుప్పటి కొసలు అందుకుంది.

ఆదివారం మధ్యాహ్నాలు పాత భాగాలు మళ్ళీ వేయడం మొదలుపెట్టారు. రెండు కుర్చీలు దగ్గరగా జరుపుకుని కూర్చుంటారు. కళ్ళు మూతలు పడేదాకా దుప్పట్లమ్మ ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఆ తర్వాత వదిన టీవీ గొంతు కాస్త తగ్గించి, ఒక్కతే వింటుంది.