నేను చదవని వార్త

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నేను విజయనగరంలో ఒక కేబుల్ చానల్లో రోజూ సాయంత్రం ఏడింటికి స్థానిక వార్తలు చదివేదాన్ని. మా ఇంట్లో తరాలుగా గుళ్ళో పాడేవాళ్ళే. నాకు సంగీతం అబ్బలేదు గాని గొంతు మాత్రం వచ్చింది.

కోట దగ్గర ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు. యజమానిని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. స్తంభాలెక్కి తన చేతులతో వైర్లు లాగి ఆ చానల్ పెట్టిన మనిషి ఆయన. నెల్లిమర్లలో కార్మికులు ధర్నాకి కూర్చున్నా, శృంగవరపుకోట వైపు కొండవాగు పొంగినా మా చానల్లోనే ముందు తెలిసేది.

ఆ రోజుల్లోనే కేబుల్ అంతా డిజిటల్ చెయ్యాలని ప్రభుత్వం చెప్పింది. అంత ఖర్చు బాబాయిగారొక్కరి వల్ల అయ్యేది కాదు. అప్పటికే ఒక దినపత్రిక, ఒక టీవీ చానల్ ఉన్న పెద్ద సంస్థ వచ్చి మా చానల్‌ను తనలో కలుపుకుంది. "పేరొక్కటే మారతాది. మన వార్తలు మనమే సదువుకుంటాం" అన్నారాయన. నేనూ నమ్మాను.

రెండు నెలలకి, సముద్రతీరం నుంచి చేపలమ్మే ఒకావిడ బుట్టతో మా మేడ మెట్లెక్కి వచ్చింది. పైన కప్పిన తడి గోనె తీసింది. లోపలంతా చచ్చిన చేపలు.

"ఇవి వలకి పడ్డవి కాదు తల్లీ. ఒడ్డుకి కొట్టుకొచ్చినాయి. ఫ్యాక్టరీ వోళ్ళు సముద్రంలోకి గొట్టం ఏసినకాణ్ణుంచీ ఇలాగే ఉన్నాది. టీవీలో సెప్పేది నువ్వే కదా. ఇది కూడా సెప్పు."

మర్నాడు కెమెరా పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాం. ఒడ్డు పొడుగునా చూసిందంతా తీశాం. వార్త రాసి బాబాయిగారి ముందు పెడితే, ఆయన చదివి పక్కన పెట్టేశారు.

"ఇది ఆపెయ్యమ్మా."

"ఎందుకండీ?"

"ఆ ఫ్యాక్టరీ మన చానల్‌ని కలుపుకున్నోళ్ళదే. ఇప్పుడు మనం కూడా ఆళ్ళ మనుషులమే. నన్నేటి సెయ్యమంటావు?"

ఆ సాయంత్రం రామతీర్థంలో భక్తుల రద్దీ గురించి చదివాను. నా గొంతు కాస్తయినా వణకలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నాలుగు రోజులాగి ఆవిడ మళ్ళీ వచ్చింది. "ఊరంతా టీవీ ముందు కూకున్నాం. ఏటమ్మా, సెప్పనేదు?"

"వీడియో పాడైపోయిందమ్మా" అన్నాను.

ఆవిడ నమ్మింది. "అయితే మళ్ళీ రా తల్లీ. సేపలు ఇంకా కొట్టుకొస్తానే ఉన్నాయి" అంది.

ఆ నెలలోనే ఒక రిటైర్డు లెక్చరరుగారు గ్రంథాలయంలో సభ పెట్టారు. పత్రికలూ చానళ్ళూ ఒకే చేతిలోకి పోకుండా ఉన్న కాసిన్ని హద్దులు కూడా ఢిల్లీలో సడలించబోతున్నారని, అందరూ కలిసి అభ్యంతరం రాసి పంపాలని ఆయన ఉద్దేశం. నేను ఆవిడకి కబురు పెట్టాను. వచ్చింది. లెక్చరరుగారు మాట్లాడమంటే మొదట తల అడ్డంగా ఊపి, తర్వాత లేచింది.

"మావోళ్ళు ఏటకెల్లినప్పుడు ఎదురొచ్చిన పడవలోళ్ళని అడుగుతారు, గాలి ఎలాగున్నాదని. ఒకడు పర్లేదంటాడు, ఇంకొకడు ఎల్లొద్దంటాడు. నలుగుర్నీ అడిగి ఎల్తారు. ఆ నాలుగు పడవలూ ఒక్కడివే అయితే, ఆడేటి సెప్పమంటే అదే సెప్తారు. అప్పుడు మావోళ్ళు ఎవుర్ని అడగాల?"

ఆవిడ కూర్చుంది. నేను లేచి నిలబడ్డాను. వీడియో పాడవలేదనీ, మేమే ఆపేశామనీ, ఆవిడకి అబద్ధం చెప్పాననీ అందరి ముందూ చెప్పాను.

బయటికి వచ్చాక ఆవిడ నా దగ్గర ఆగింది. "ఆ రోజే సెప్పుంటే ఇంకొకళ్ళ కాడికి ఎల్లేదాన్ని కదా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి వెళ్ళాను. సంగతి బాబాయిగారికి అప్పటికే తెలిసిపోయింది. "నిన్ను తప్పు పట్టను. నేను నిలబడలేకపోయాను, అంతే" అన్నారు, తల ఎత్తకుండా.

మా ఉత్తరాలకి ఢిల్లీ నుంచి జవాబు రాలేదు. హద్దులు తర్వాత సడలుతూనే పోయాయి. చానల్లో స్థానిక వార్తలు ఆగిపోయి పాటలు, ప్రకటనలు మిగిలాయి. నేనూ, ఆవిడా, ఊరివాళ్ళూ మాత్రం ఆ గొట్టం గురించి సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తూ వచ్చాం. చివరికి అధికారులు వెళ్ళి సముద్రపు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. ఆ నీళ్ళలో ఏముందో ఊరివాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

మొదటి రెండు సోమవారాలూ కలెక్టరాఫీసు నుంచి బస్టాండుకి వచ్చే బస్సులో ఆవిడ నాకు దూరంగా కూర్చుంది. మూడో వారం నేను ఎక్కేసరికి, పక్క సీటు మీద చెయ్యి వేసి ఆపి ఉంచింది. "ఇలా కూకో" అంది. కూర్చున్నాను.